నాలుగో మెట్టు

ముప్పై ఏళ్లకు పైగా నేను వాద్యాలు బాగుచేశాను. అంతకాలంలో నాకు వచ్చిన పొగడ్తల్లో ఎక్కువ భాగం నేను చెడగొట్టిన ఒక మ్యాండలిన్‌కే వచ్చాయి. ఈ పనిలోకి, ఆ మాటకొస్తే ఏ మరమ్మతు పనిలోకైనా, కొత్తగా వచ్చేవాళ్లు చదువుతారేమోనని దాని గురించి రాస్తున్నాను. బాగా కుదిరిన పనుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. అవి తెచ్చినవాళ్ల చేతుల్లోనే వెళ్లిపోతాయి.

తిరుపతిలో ఒక వాద్యాల దుకాణంలో నా ఉద్యోగం. ముందు గదిలో అమ్మకం, వెనుక గదిలో మరమ్మతు. ఆ వెనుక గదిలో ఇద్దరం కూర్చునేవాళ్లం. నాది చెక్కపని. వీణ, తంబుర, హార్మోనియం, గిటారు నా దగ్గరికి వచ్చేవి. నాకు ఎదురుగా కూర్చునే ఆయనది తోలుపని. మృదంగం, తబలా, డోలక్ ఆయన చూసేవాడు. నగరి దగ్గర నేతపని చేసే కుటుంబంలో పుట్టాడు. మగ్గం చప్పుడు పడక ఈ పనిలోకి వచ్చానని చెప్పేవాడు. వచ్చి రోజంతా మృదంగాలను సుత్తితో కొట్టేవాడు. మాట తక్కువ మనిషి. మాట్లాడిన నాలుగు మాటలూ నా పనిలో తప్పుల గురించే ఉండేవి.

నేను అంతకుముందు లాడ్జీలకు మంచాలు చేసేవాణ్ణి. మంచం చేసినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. విరిగితే మాత్రం వెతుక్కుంటూ వస్తారు. వాద్యాల పనిలోకి వచ్చాక మొదటిసారి ఒక వీణ టీచరు నా పని చూసి "ఎంత బాగా చేశారండీ" అంది. ఆ మాట నాకు బాగా రుచించింది. తర్వాత జరిగినదానికి ఈ రుచే కారణమని ఇప్పుడు అనిపిస్తుంది.

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు సంగతి. వానలు మొదలైన రోజుల్లో ఒకమ్మాయి వెనుక గదిలోకి వచ్చింది. తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చెప్పుల నిండా బురద. ఆమె చేతిలో సిమెంటు సంచి ఉంది. అందులోంచి ఒక మ్యాండలిన్‌ను మూడు ముక్కలుగా తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇది మా తాతది సార్. తాత పోయినాక మా నాయన వాయిస్తా ఉన్నాడు. బాగవుతుందా?"

వాళ్లది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. తండ్రి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసి మానేశాడు. ఊళ్లో వాళ్లకొక చిన్న చర్చి ఉంది. అందులో తాత మొదలుపెట్టి తండ్రి వరకు ఈ మ్యాండలిన్, ఒక డోలక్ తప్ప ఇంకో వాద్యం లేదు. పోయిన ఏడాది ఆమె తల్లికి ఉన్నట్టుండి ఊపిరి ఆడలేదు. ఆటోలో ఎక్కించే హడావిడిలో మంచం మీదున్న మ్యాండలిన్ కింద పడింది. దాని మీద ఎవరి కాలు పడిందో ఎవరికీ తెలియదు. తల్లి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. తండ్రి ముక్కలన్నీ ఏరి ఈ సంచిలో వేసి మేకుకు తగిలించాడు. మళ్లీ దాని వైపు చూడలేదు.

"అమ్మ పోయి ఏడాదవుతుంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మా తాత కట్టిన పాట ఒకటుంది, అమ్మకు అదంటే ప్రాణం. ఆ రోజు నాయన వాయిస్తే బాగుంటుంది అని..." అని ఆగి, "విరిగిందాన్ని అతికిస్తే చాలు సార్. నాయనా అదే చెప్పమన్నాడు. ఇంగేమీ మార్చొద్దన్నాడు" అంది.

"అట్లే మా" అన్నాను.

ఈ "అట్లే" అన్న మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

పని పెద్దదే. పై పలక కుంగి పగిలింది. మెడ ఊడింది. ఒక మూల చెదలు తినింది. పలక కింద కొత్త దూలాలు వేసి అతికించాను. చెదలు తిన్న చోట అదే రకం చెక్క వెతికి, అదే నార వచ్చేట్టు అతుకు వేశాను. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఇదంతా సరిగానే చేశాను. ఇందులో నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

తర్వాత మెట్ల పలక దగ్గరికి వచ్చాను. మెడ మీద అతికించి ఉండే సన్నటి పలక అది. దాని మీద అడ్డంగా ఇత్తడి తీగల్లాంటివి ఉంటాయి, వాటినే మెట్లు అంటాం. మెట్టు వెనుక వేలు నొక్కితే స్వరం పలుకుతుంది. మెట్టు ఎక్కడుండాలో లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే స్వరం తప్పుతుంది.

ఆ పలక కంపెనీది కాదు. తాత వేలూరులో ఎవరి దగ్గరో ఈ మ్యాండలిన్ కొన్నప్పుడు అసలు పలక లేదట. ఆయనే చేత్తో చెక్కుకున్నాడు. ఎర్రగా ఉన్న ఆ చెక్క ఏమిటో నాకు తెలుసు, నా ఎదురుగా ఉన్న ఆయనకూ తెలుసు. శేషాచలం కింద బతికేవాళ్లం, ఆ చెట్టు పేరు గట్టిగా అనం. మెట్లకు సైకిలు పుల్లలు అరగదీసి దిగ్గొట్టాడు. పని మోటుగా ఉంది, కానీ గట్టిగా ఉంది. ఒక చివర మాత్రం చిన్న పగులు. జిగురు పెట్టి బిగిస్తే ఇంకో యాభై ఏళ్లు ఉండేది.

స్కేలు పెట్టి కొలిచాను. అన్ని మెట్లూ దాదాపు సరిగ్గానే ఉన్నాయి, నాలుగోది తప్ప. అది ఉండాల్సిన చోటుకంటే మూడు మిల్లీమీటర్లు వెనక్కి ఉంది. బియ్యపు గింజలో సగం. అక్కడ పలికే స్వరం ఉండాల్సినదానికంటే కిందికి దిగి పలుకుతుంది.

నేను నవ్వి, పలక ఎత్తి ఎదుటాయనకు చూపించాను.

"సూడబ్బా, పాపం. యాభై అరవై ఏండ్లుగా తప్పు మెట్టు మింద వాయిస్తా ఉండారు."

ఆయన మృదంగం మీంచి తల ఎత్తలేదు. "ఆయమ్మ ఏం చెప్పింది?"

"విరిగింది అతకమనింది."

"మరి అతుకు."

"తెలిసి తెలిసి తప్పును అట్లే పెట్టి ఎట్ల ఇచ్చేది?"

"ఆయమ్మ ఇల్లు బాగుసెయ్యమంటే నువ్వు పడగొట్టి కొత్తిల్లు కడతా ఉండావు" అని మళ్లీ సుత్తి అందుకున్నాడు.

ఆయన చెప్పినట్టు విని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను ఆ ఎర్ర పలకను ఉలితో లేపేశాను. మంచి నల్లచెక్కతో కొత్త పలక చేశాను. లెక్క ప్రకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా కొత్త మెట్లు దిగ్గొట్టాను. తీగలు బిగించి ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ పెట్టి ఒక్కొక్క మెట్టూ మీటాను. అన్నింటికీ పచ్చ గీత వచ్చింది. పాత పలక బల్ల కింద పడింది. అక్కడి నుంచి ఊడ్చిన చెత్తలోకి, చెత్త నుంచి మునిసిపాలిటీ బండిలోకి పోయింది. ఆ సంగతి కూడా నేను గమనించలేదు.

మా యజమాని ముక్కలుగా వచ్చినప్పటి ఫోటో, పూర్తయ్యాక తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు. ఎంతోమంది మెచ్చుకున్నారు. ఒక సంగీతం మాస్టారు వచ్చి వాయించి చూసి, "పుట్టినప్పుడు కూడా ఇది ఇంత శ్రుతిగా పలికి ఉండదు" అన్నాడు. అది అక్షరాలా నిజం.

వానల వల్ల చివరి పూత పాలిష్ ఎంతకీ ఆరలేదు. కూడిక రోజు దగ్గర పడింది. ఆ అమ్మాయి ముందురోజే ఊరికి వెళ్లిపోవాలంది. "నేనే తెచ్చిస్తాను మా" అన్నాను. బస్సు ప్రయాణానికి తీగలు జారతాయి, అక్కడే సరిచేయాలి అని కారణం చెప్పాను. అసలు కారణం, వాళ్లు వినేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలని.

పొద్దున బయలుదేరి చిత్తూరులో బస్సు మారి బంగారుపాళ్యంలో దిగాను. అమ్మాయి బంధువు ఒకాయన బండి మీద ఊళ్లోకి తీసుకెళ్లాడు. దారికి రెండు వైపులా మామిడి తోటలు, వానకు కడిగినట్టున్నాయి. చర్చి అంటే రేకుల కప్పు వేసిన పొడవాటి గది. ఆడవాళ్లు చాపల మీద ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. ముప్పై నలభై మంది ఉంటారు. ముందు స్టూలు మీద చనిపోయినామె ఫోటో ఉంది. నుదురు వెడల్పుగా, ఎవరినో గదమాయించబోతున్నట్టు చూస్తోంది.

తండ్రి బక్కపలచని మనిషి. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతలతో బిగుసుకుని ఉంది. పెట్టె తెరిచి మ్యాండలిన్ చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూశాడు. అతుకు వేసిన చోట వేలితో తడిమాడు.

"యాడ పగిలిందో కూడా తెలీకుండా చేసినావప్పా" అన్నాడు. నేను తిన్నగా కూర్చున్నాను.

తర్వాత కొత్త పలక మీద వేళ్లు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. నా వైపు చూశాడు. ఏదో అడగబోయాడు. ఇంతలో పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను తీగలు సరిచేసి ఇచ్చేసరికి పాట సమయం వచ్చేసింది. ఆయన వాయించి చూసుకోవడానికి వీలే లేకపోయింది.

తాత కట్టిన పాట మొదలైంది. మొదటి వరుస బాగా వచ్చింది. ఆడవాళ్లు మెల్లగా అందుకున్నారు. రెండో వరుసలో ఒకచోట పాట పైకి వెళ్లి నిలబడుతుంది. అక్కడ మ్యాండలిన్ ఒక స్వరం పలికింది. ముప్పై గొంతులూ ఇంకో స్వరం పలికాయి.

అందరూ ఆగారు. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే చోట, అదే తేడా. ఒకామె గొంతు పైకి లాగి మ్యాండలిన్‌ను అందుకోబోయింది. పక్కనున్నామె ఆమెను మోచేత్తో పొడిచింది. మూడోసారి కూడా అంతే.

నేను మొదట అనుకున్నది, వీళ్లకు శ్రుతి లేదని. నిజం చెబుతున్నాను, అదే అనుకున్నాను. మూడోసారికి సంగతి తెలిసింది. శ్రుతి లేనివాళ్లు తలా ఒక పక్కకు పోతారు. వీళ్లంతా కలిసి ఒకే చోటికి, ఒకే కొలతలో దిగుతున్నారు. ఎంత దిగుతున్నారో నాకు తెలుసు. బియ్యపు గింజలో సగం.

తండ్రి వాయించడం ఆపేశాడు. తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచి, తెరిచి, మళ్లీ ముడిచాడు. తర్వాత మ్యాండలిన్‌ను ఒళ్లో బోర్లా పెట్టి, "మీరు పాడండి" అన్నాడు.

వాళ్లు డోలక్ మీద పాడారు. ఆ చోటు వచ్చినప్పుడల్లా అందరూ ఒక్కటిగా దిగి నిలబడ్డారు. వినడానికి చాలా బాగుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నేనేం చేశానో కూడా రాయాలి, లేకపోతే ఇది పొగడ్తల ఖాతాలోకే పోతుంది. నేను ఏమీ చేయలేదు. కూడిక అయింది, బయట షామియానా కింద భోజనాలు పెట్టారు. కోడికూర, అన్నం, రసం. తిన్నాను. రెండోసారి రసం కూడా పోయించుకున్నాను. నర్సమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే వడ్డించింది. "నాయనకు ఏడాదిగా అలవాటు తప్పింది సార్, మీరేమీ అనుకోవద్దండి" అని నాకే సర్దిచెప్పింది. బస్సుకు టైమవుతోంది, బండి సిద్ధంగా ఉంది అని ఎవరో అన్నారు. లేచి చేతులు కడుక్కున్నాను.

అప్పుడు తండ్రి వచ్చాడు. ఆయన చేతిలో మ్యాండలిన్ ఉంది. మేం ఇచ్చిన కొత్త పెట్టెలో కాదు, మళ్లీ ఆ సిమెంటు సంచిలో.

"అప్పా, ఇది నువ్వే తీసకపో" అన్నాడు.

"అదేందప్పా?"

"నువ్వు చేసిన పనిలో లోపం లేదు. నా చెయ్యే పోయింది. ఆయమ్మతోనే పోయిందనుకుంటా. తిరపతిలో వాయించేవాళ్లు ఎవరన్నా ఉంటే ఇయ్యి. ఈడ మేకుకు యాలాడి చెదలు పట్టేదానికన్నా, యాడో ఒగచోట మోగతా ఉంటే మేలు."

సంచి నా చేతికి అందించాడు. నేను అందుకున్నాను కూడా. బండి మీదున్నాయన స్టార్టు చేశాడు.

"నీ చెయ్యి పోలేదప్పా" అన్నాను. "నేను మార్చినాను."

"ఏం మార్చినావు?"

"నాలుగో మెట్టు. మీ నాయన పెట్టిన చోట పెట్టలేదు. లెక్క ప్రకారం పెట్టినాను. నువ్వు సరిగ్గానే వాయించినావు, వాళ్లు సరిగ్గానే పాడినారు. మధ్యలో నేను దూరినాను."

బండి ఆగింది. తండ్రికి అక్క, డెబ్బై దాటిన మనిషి, ఎంగిలి విస్తరాకులు తీస్తున్నదల్లా ఆగి దగ్గరికి వచ్చింది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడింది ఈమే.

"అంటే మేమంతా ఇన్నేండ్లూ తప్పు పాడతా ఉండామా?" అని తండ్రి అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకుందామనే.

"పుస్తకం లెక్కలో తప్పే. కానీ మీ నాయన ఆ పాట కట్టింది ఆ మెట్టు మిందే కదా. ఆ పాటకు అదే సరి. నేను పెట్టిందే తప్పు."

ఇంతలో పాస్టరు గారు మెల్లగా అందుకున్నారు. "అదా సంగతి. పోయిన క్రిస్మస్‌కు చిత్తూరు నుంచి కీబోర్డు వాయించే ఆయన్ని పిలిపించినాము. రెండు పాటలకే సర్దుకోని ఎళ్లిపోయినాడు. మీకు సురుతి లేదు, దేవుడే మిమ్మల్ని కాపాడాల అన్నాడు. నేను దాని కోసం ప్రార్థన కూడా చేయించినాను."

తండ్రి వినలేదు. "పాత పలక యాడుండాది?" అన్నాడు.

"లేదప్పా. పారేసినాను."

మెట్టు మార్చానంటే ఆయన ముఖంలో ఏమీ మారలేదు. ఇప్పుడు మారింది. అది తన తండ్రి చేతిపని. ఈ భూమ్మీద ఆయన చెక్కింది అదొక్కటే మిగిలి ఉందేమో నాకు తెలియదు. నేను అడగలేదు. మనిషిని ఒకసారి కూడా అడగకుండా ఆయన తండ్రి వస్తువు చెత్తబండిలో వేశాను. మెట్టు మళ్లీ పెట్టగలను. పలకను మాత్రం నేనే కాదు, ఎవరూ తేలేరు.

చివరికి అక్కే అంది. "పోయింది పోయింది. తప్పో ఒప్పో, మా సురుతి మాకియ్యి అప్పా. నీ దగ్గర సామాన్లుండాయా?"

సామాన్లు ఉన్నాయి. చెక్కపని చేసేవాడి సంచిలో ఎప్పుడూ ఉంటాయి. లేనిది కొలత. ఆ మెట్టు మూడు మిల్లీమీటర్లు వెనక అని గుర్తుంది, కానీ అంత మాత్రం చాలదు. కాగితం మీద రాసుకోలేదు. పారేసేదానికి కొలత ఎవరు రాసుకుంటారు?

"నాకు మెట్టు చోటు తెలియాలంటే మీరు పాడాల" అన్నాను.

మళ్లీ చర్చిలోకి వెళ్లాం. పటకారుతో నా నాలుగో మెట్టు పీకేశాను. ఒకాయన తన పాత సైకిలు చక్రంలోంచి ఒక పుల్ల ఇచ్చాడు. ముక్క కోసి, ఒక పక్క చదునుగా అరగదీసి, తీగల కింద దూర్చాను. జరిపితే జరుగుతుంది. ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. ఇప్పుడు అందరూ కాదు, పదిహేను పదహారు మంది. మిగతావాళ్లు కిటికీల దగ్గర నిలబడి చూస్తున్నారు.

రెండో వరుస పాడమన్నాను. పాడి ఆ చోట నిలబెట్టారు. నేను పుల్ల జరిపి మీటాను.

"కిందికి" అన్నారు. జరిపాను.

"ఇంగా రవంత."

జరిపాను.

"ఆ, ఆడే."

"ఆడ కాదు లే. నీకు చెవుడు. ఇంగొంచెం పైకి."

"పైకంటే ఆయప్ప ఇందాక పెట్టిందే కదా!"

ఎడమ చాపకూ కుడి చాపకూ తగువు వచ్చింది. ఆ వరుస పాతికసార్లు పాడి ఉంటారు. నేను సగం గింజ, పావు గింజ జరుపుతూనే ఉన్నాను. పాస్టరు గారు తనకు రెండింటికీ తేడానే తెలియడం లేదని ఒప్పుకున్నారు. ఫోటోలో ఉన్నామె అందర్నీ చూస్తోంది.

తండ్రి అంతసేపూ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒకచోట పుల్ల పెట్టి మీటగానే కళ్లు తెరవకుండానే, "ఆడ" అన్నాడు.

తగువు ఆగిపోయింది.

"ఆయమ్మ ఆడే నిలబెట్టేది" అన్నాడు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పుల్ల కదలకుండా పట్టుకుని దారం అడిగాను. ఊళ్లో బట్టలు కుట్టే ఆమె ఒకరు పరిగెత్తి మిషను దారం తెచ్చింది. పుల్లను మెడ చుట్టూ దారంతో కట్టేశాను. చూడడానికి విరిగిన కాలికి కట్టు కట్టినట్టుంది. అంత నునుపుగా పాలిష్ పెట్టిన నల్లచెక్క మీద సైకిలు పుల్ల, తెల్ల దారం.

ఆయన మ్యాండలిన్ అందుకున్నాడు. పాట మొదలైంది. రెండో వరుసలో ఆ చోటు వచ్చింది. వాద్యం, మనుషులు అందరూ కలిసి కిందికి దిగి నిలబడ్డారు. కిటికీల దగ్గరున్నవాళ్లు కూడా పాడుతున్నారు. నర్సమ్మాయి పాడలేకపోయింది. ఆయన చెయ్యి ఎక్కడా తడబడలేదు. పన్నెండు చరణాల పాట, అన్నీ వాయించాడు.

బస్సు పోయింది. ఇంకో రెండు గంటలకు వేరే బస్సు దొరికింది.

తిరుపతికి వచ్చి మా యజమానికి జరిగింది చెప్పాను. డీపీలోని ఫోటోలు తీసేయమన్నాను. "ఇంత బాగొచ్చిన పనికి అదేం చాదస్తం" అన్నాడు. అవి దుకాణం గోడ మీద ఫ్రేము కట్టి పెట్టాడు. ఇప్పటికీ ఉన్నాయేమో. ఎదుటాయనకు చెప్పాను. ఆయన పూర్తిగా విని, "దారంతో కట్టినావా? మరి బిగించి కట్టేది తోలుపని కిందికి వస్తుంది" అన్నాడు. అంతకు మించి దెప్పలేదు. ఇరవై ఏళ్ల స్నేహంలో ఆయన నన్ను క్షమించడం అదొక్కసారే చూశాను.

ఆ తర్వాత ఉన్న మూడేళ్లూ ఎవరు వాద్యం తెచ్చినా, విప్పకముందు వాళ్లనే వాయించమనేవాణ్ణి. వాయించడం రాకపోతే పాడమనేవాణ్ణి. కొందరు విసుక్కున్నారు. ఒక హార్మోనియం ఆయన నాకు చెవుడు వచ్చిందని ప్రచారం చేశాడు. పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. లెక్కలు నేర్చుకోండి, చాలా అవసరం. కానీ మీ చేతికి వచ్చిన వస్తువుకు మీకంటే ముందు ఒక జీవితం ఉంది. దాన్ని గురించి తెలిసినవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటారు. అడగడానికి అర నిమిషం పడుతుంది.

కూడిక అయిన నెలకు తండ్రే మా దుకాణానికి వచ్చాడు. పక్కన కూతురు. ఈసారి మ్యాండలిన్ కొత్త పెట్టెలోనే ఉంది. దారం వదులవుతోంది, మెట్టు గట్టిగా దిగ్గొట్టి పెట్టమన్నాడు. నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పాత గాడిలో సన్నటి చెక్కపేడు అతికించి, కొత్త గాడికి దారం పక్కనే గుర్తు పెడుతుంటే ఆయన వంగి చూస్తున్నాడు.

"అప్పా, ఒగ మాట అడగాల" అన్నాడు. "మా నాయన ఆ మెట్టు తెలిసి అట్ల పెట్టినాడా, తెలీక పెట్టినాడా?"

దీనికి నేను ఆ నెలంతా ఆలోచించి ఒక జవాబు తయారుచేసుకున్నాను. మన పాటల్లో గమకాలు, వాళ్ల ఊరి గొంతులు, చెవితో వెతికి పెట్టిన చోటు, ఇలా పెద్దదే ఉంది. ఆయన మనసుకు ఊరటగా ఉంటుందని అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

ఆయన నాకు అవకాశం ఇవ్వలేదు.

"తెలీకే పెట్టుంటాడు లే" అన్నాడు. "ఆయన జన్మలో ఒగ పని తిన్నగా చెయ్యలేదు. ఇంటికి తలుపు చేసినాడు, ఈ పొద్దుటి దాకా మూసుకోదు. నలభై ఏండ్లు మాయమ్మ దానికి రుబ్బురాయి అడ్డం పెట్టింది. ఆమె పోయినాక ఇంగో పాతికేండ్లు నా భార్య పెట్టింది."

ఆ మాట అంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గట్టిగా నవ్వాడు. ఎదుటాయన సుత్తి ఆపి చూశాడు. గుమ్మంలో నిలబడిన కూతురు తండ్రి ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది.

నేను పెన్సిలు గీత మీద సన్న రంపం ఆనించాను. ఉండాల్సిన చోటుకంటే మూడు మిల్లీమీటర్లు వెనక్కి, రంపం పక్కలకు పోకుండా, చాలా జాగ్రత్తగా కోశాను.